ఎయిర్‌పోర్టు మెట్రోను నింపేది విమాన ప్రయాణికులేనా? ఆరాంఘర్–శంషాబాద్ రూట్‌లో అసలు లెక్క ఏంటి?

ఆరాంఘర్ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి రెండు రకాల జనం కనిపిస్తారు. మొదటి రకం వెనక డిక్కీలో ట్రాలీ బ్యాగులు పెట్టుకుని, ఫోన్‌లో మ్యాప్ చూస్తూ, క్యాబ్‌లో శంషాబాద్ వైపు వెళ్లేవాళ్లు. రెండో రకం బస్టాప్ వదిలి రోడ్డు మీదికి వచ్చి బస్సు నంబరు కోసం మెడ సాచి చూస్తున్న విద్యార్థులు, షిఫ్టు దిగిన ఉద్యోగులు. మొదటి రకం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఎయిర్‌పోర్టు మెట్రో అనగానే గుర్తొచ్చేది వాళ్లే.

కానీ వేల కోట్లతో కట్టే ఆ లైన్ నిండుతుందా, ఖాళీగా తిరుగుతుందా అన్నది తేల్చేది రెండో రకం. ఎందుకో చూద్దాం.

ఈ ప్రాంతం ప్రత్యేకత ఏంటి?

రాజేంద్రనగర్ నుంచి శంషాబాద్ వరకు ఉన్న ప్రాంతాన్ని హైదరాబాద్‌లో చాలామంది 'ఎయిర్‌పోర్టు దారి'గానే చూస్తారు. నిజానికి ఇదొక పెద్ద చదువుల వాడ. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, ఉద్యాన కళాశాల ఇక్కడే ఉన్నాయి. వరి పరిశోధన సంస్థ, నూనెగింజల పరిశోధన సంస్థ, నార్మ్, మేనేజ్, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీ కూడా ఈ చుట్టుపక్కలే. వీటికి తోడు విశ్వవిద్యాలయాల భూముల్లోంచి తీసుకున్న 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. ఆ కేటాయింపును విద్యార్థులు గట్టిగానే వ్యతిరేకించారు. ఆ వివాదం సంగతి ఎలా ఉన్నా, కోర్టు వచ్చాక లాయర్లు, కక్షిదారులు, సిబ్బంది అదే రోడ్డు మీదికి వస్తారు.

దక్షిణపు కొసలో విమానాశ్రయం. 2008 మార్చిలో మొదలైన శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రయాణికుల సంఖ్య 2023–24లో ఏడాదికి 2.5 కోట్లు దాటింది. టెర్మినల్‌ను 3.4 కోట్ల మందికి సరిపడేలా విస్తరించారు. లోపల పనిచేసే సెక్యూరిటీ, క్లీనింగ్, బ్యాగేజీ, కార్గో, దుకాణాల సిబ్బంది వీళ్లకు అదనం.

ఇంతమందికీ ఆధారం ప్రధానంగా 44వ నంబరు జాతీయ రహదారే. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి ఈ హైవే కొట్టుకుపోయినప్పుడు, ఒకే దారి మీద ఆధారపడితే ఏమవుతుందో అందరికీ అర్థమైంది.

మెట్రో ప్లాన్ ఎక్కడి నుంచి ఎక్కడికి మారింది?

మొదటి ప్లాన్ ప్రకారం ఎయిర్‌పోర్టు మెట్రో రాయదుర్గం నుంచి బయల్దేరి, నానక్‌రామ్‌గూడ, నార్సింగి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సాగి శంషాబాద్ చేరాలి. 31 కిలోమీటర్లు, అంచనా వ్యయం రూ.6,250 కోట్లు. 2022 డిసెంబరు 9న శంకుస్థాపన కూడా జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ప్లానూ మారింది.

కొత్త ప్లాన్‌లో లైన్ నాగోల్‌లో మొదలై ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్, ఒవైసీ ఆసుపత్రి, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్, కొత్త హైకోర్టు మీదుగా హైవే వెంట ఎయిర్‌పోర్టుకు వెళ్తుంది. పొడవు 36.8 కిలోమీటర్లు, 24 స్టేషన్లు, అంచనా సుమారు రూ.11,226 కోట్లు. మెట్రో రెండో దశలో భాగంగా మొత్తం 76.4 కిలోమీటర్లు, ఐదు కారిడార్లు, రూ.24,269 కోట్ల ప్రతిపాదనకు రాష్ట్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపి కేంద్రానికి పంపింది. ఇందులో రాష్ట్రం వాటా 30 శాతం, కేంద్రం వాటా 18 శాతం. దాదాపు సగం అప్పు. ఆ అప్పు తీరేది టికెట్ల మీదా, పన్నుల మీదా కాబట్టి రైలు నిండుతుందా అన్నది మన జేబుకు సంబంధించిన ప్రశ్నే.

రూట్ ఎందుకు మార్చారన్నదానికి ప్రభుత్వం చెప్పిన కారణం సూటిగానే ఉంది: ఐటీ కారిడార్ నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి సొంత కార్లున్నాయి, జనం కిక్కిరిసి ఉండేది పాతబస్తీ, ఎల్బీనగర్ వైపు. ఇది రాజకీయ మాటలా వినిపించొచ్చు. అంకెల్లో చూస్తే మాత్రం ఇందులో బలం ఉంది.

విమాన ప్రయాణికులతో మెట్రో నిండదా?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి 2.5 కోట్ల మంది అంటే రోజుకు సుమారు 68 వేల మంది విమానాలు ఎక్కుతారు, దిగుతారు. వీళ్లలో నూటికి 15 మంది మెట్రో ఎక్కుతారని అనుకుందాం. సామాన్లు, పిల్లలు, వేళకాని వేళల్లో ఉండే విమానాలు లెక్కలోకి తీసుకుంటే ఇది ఉదారంగా వేసిన అంచనాయే. అయినా వచ్చేది రోజుకు దాదాపు 10 వేల ప్రయాణాలు.

ఇప్పుడున్న 69 కిలోమీటర్ల మెట్రోలో రోజుకు సుమారు నాలుగున్నర లక్షల ప్రయాణాలు జరుగుతున్నాయి. అంటే కిలోమీటరుకు ఆరున్నర వేలు. అంత రద్దీ ఉన్నా మొదటి దశను నడిపిన ఎల్ అండ్ టీ నష్టాలంటూ తప్పుకోవడానికి సిద్ధపడింది. సుమారు రూ.13 వేల కోట్ల అప్పుతో సహా ఆ మెట్రోను తీసుకునేందుకు 2025 సెప్టెంబరులో రాష్ట్రం ఒప్పుకోవాల్సి వచ్చింది. అదే కొలమానం ఎయిర్‌పోర్టు లైన్‌కు పెడితే రోజుకు 2.4 లక్షల ప్రయాణాలు కావాలి. విమానం ఎక్కేవాళ్లంతా ఒక్కరూ మిగలకుండా మెట్రో ఎక్కినా అందులో మూడో వంతు కూడా రాదు.

మిగతావాళ్లు ఎవరు? నెలకోసారి విమానంలో ఊరెళ్లి వచ్చే వ్యక్తి మెట్రోకు ఇచ్చేది నెలకు రెండు టికెట్లు. నెలకు 25 రోజులు డ్యూటీకి వెళ్లే ఎయిర్‌పోర్టు ఉద్యోగి ఇచ్చేది 50. ఒక్క ఉద్యోగి పాతికమంది ప్రయాణికులతో సమానం. కాలేజీకి వెళ్లే విద్యార్థిదీ ఇదే లెక్క. లైన్‌ను బతికించేది వీళ్లు, వీళ్లతో పాటు చాంద్రాయణగుట్ట, కర్మన్‌ఘాట్ లాంటి చోట్ల మధ్యలో ఎక్కి మధ్యలో దిగే జనం.

ఆ జనం ఉన్నారనడానికి పెద్ద సర్వే కూడా అక్కర్లేదు, 300 నంబరు బస్సు చూస్తే చాలు. ఎల్బీనగర్, ఒవైసీ ఆసుపత్రి, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా మెహిదీపట్నం వెళ్లే ఈ బస్సుకు హైదరాబాద్‌లో పరిచయం అక్కర్లేదు. కొత్త మెట్రో లైన్‌లో ఎల్బీనగర్–ఆరాంఘర్ ముక్క దాదాపు ఈ బస్సు దారే.

ఢిల్లీ నేర్పిన పాఠం

విమాన ప్రయాణికులనే నమ్ముకుని లైన్ కడితే ఏమవుతుందో ఢిల్లీ ఇప్పటికే చూసింది. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ద్వారక వరకు 22.7 కిలోమీటర్ల ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ 2011 ఫిబ్రవరిలో మొదలైంది. వేగం ఎక్కువ, స్టేషన్లు తక్కువ, టికెట్ ధర ఎక్కువ. 2012 జులైలో సాంకేతిక లోపాలతో ఆరు నెలలు మూతపడింది. మళ్లీ తెరిచిన కొద్ది నెలలకే ప్రైవేటు సంస్థ చేతులెత్తేసింది, 2013 జులై నుంచి ఢిల్లీ మెట్రోయే నడుపుతోంది. 2015లో చార్జీలు బాగా తగ్గించాక జనం పెరిగారు.

ఆ లైన్‌లో మన విషయానికి ఇంకా దగ్గరగా ఉన్న సంగతి ఒకటుంది. దానిపై ధౌలా కువాన్ అనే స్టేషన్ ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ అక్కడికి దగ్గరే. క్యాంపస్ కోసం పింక్ లైన్‌పై మరో స్టేషన్ 2018లో వచ్చింది. దాని పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. అవును, మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ పేరే. ఈ రెండు స్టేషన్లను కలుపుతూ ఒక కిలోమీటరుకు పైగా నడక వంతెన, మధ్యమధ్యలో కదిలే నడకదారులతో 2019లో తెరిచారు. అంటే ఎయిర్‌పోర్టు రైలు 2011 నుంచే ఆ పక్క నుంచి పోతున్నా, క్యాంపస్ స్టేషన్‌కు దానితో సరైన లంకె పడటానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఇదే సంగతి రాజేంద్రనగర్‌కు పెట్టి చూడండి. మెట్రో వెళ్లేది హైవే మీద. వ్యవసాయ విశ్వవిద్యాలయం హైవేను ఆనుకుని లేదు, ఆరాంఘర్ నుంచి హిమాయత్‌సాగర్ వైపు వెళ్లే రోడ్డు మీద ఉంది. క్యాంపస్ విస్తీర్ణమూ తక్కువేం కాదు. గేటు దగ్గర దిగినా హాస్టల్‌కు చాలా దూరం నడవాలి. స్టేషన్ నుంచి క్యాంపస్ లోపలి దాకా తిరిగే చిన్న బస్సు లేకపోతే, మ్యాప్‌లో 'యూనివర్సిటీకి మెట్రో వచ్చింది' అని కనిపిస్తుంది కానీ విద్యార్థి మాత్రం షేర్ ఆటోనే వెతుక్కుంటాడు. రాత్రి తొమ్మిదికి ల్యాబ్ నుంచి బయటపడే అమ్మాయికి ఆ కిలోమీటరున్నర చీకటి దారే అసలు సమస్య, మెట్రో వేగం కాదు.

కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో రైలు విధానం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. స్టేషన్‌కు ఇరువైపులా ఐదు కిలోమీటర్ల మేర ఫీడర్ బస్సులు, నడక, సైకిల్ దారుల ఏర్పాటు ప్రాజెక్టులో భాగంగా ఉండాలి. మెట్రో ప్రతిపాదించే ముందు బస్సు, ఇతర మార్గాలతో పోల్చి చూడాలి. నగర రవాణా మొత్తాన్ని ఒకచోట నుంచి చూసే సంస్థ ఉండాలి. హైదరాబాద్‌లో ఆ సంస్థ కాగితం మీద 2008 నుంచే ఉంది, దాని పేరు హుమ్టా. కానీ బస్సు ఒకరిది, మెట్రో ఒకరిది, ఎంఎంటీఎస్ ఇంకొకరిది. టైమ్‌టేబుళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

ఎంఎంటీఎస్ ఎందుకు ఎయిర్‌పోర్టు దాకా వెళ్లలేదు?

మెట్రో గొడవలో పడి మరిచిపోతున్న రైలు ఒకటుంది. ఎంఎంటీఎస్ రెండో దశలో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ మీదుగా ఎయిర్‌పోర్టు దాకా లైన్ అనుకున్నారు. ఉందానగర్ వరకు డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయ్యాయి. 2023 ఏప్రిల్ 8న ఆ మేరకు సర్వీసులూ మొదలయ్యాయి. మిగిలిన సుమారు ఆరు కిలోమీటర్లు, అంటే శంషాబాద్ ఊరి దగ్గర నుంచి టెర్మినల్ దాకా, ముందుకు కదల్లేదు.

ఆ లైన్‌లోనే బుద్వేల్ స్టేషన్ ఉంది. కొత్త హైకోర్టు స్థలం బుద్వేల్ పక్కనే. వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా అదే పరిసరాల్లో ఉంది. పట్టాలున్నాయి, కరెంటు తీగలున్నాయి, ప్లాట్‌ఫాం ఉంది. లేనిది నమ్మకంగా వచ్చే రైలు, స్టేషన్ బయట దాన్ని అందుకునే బస్సు. మెట్రో పూర్తవడానికి పట్టే ఏళ్లతో, అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న పని. చిన్న పని కాబట్టే శంకుస్థాపన శిలాఫలకాలకు నోచుకోలేదేమో!

ఎన్ని నిమిషాలకు ఒకటి?

రవాణా ప్లానింగ్‌లో జనం పట్టించుకోని, అధికారులు దాటేసే అంశం ఇది. బస్సు అరగంటకొకటి ఉంటే సగటున 15 నిమిషాలు ఎదురుచూపు. పది నిమిషాలకొకటి ఉంటే ఐదు నిమిషాలు. ప్రయాణ సమయంలో పది నిమిషాలు తగ్గించడానికి ఫ్లైఓవర్ కట్టొచ్చు, లేదా బస్సులు మూడింతలు చేయొచ్చు.

ఇక్కడ ఫ్లైఓవర్లకేం తక్కువ లేదు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లోనే వచ్చింది. జూపార్క్ నుంచి ఆరాంఘర్ దాకా సుమారు నాలుగు కిలోమీటర్ల వంతెన 2025 జనవరిలో తెరిచారు. కారుకు ఇవి వరం. బస్సు ఎక్కేవాళ్లకు మాత్రం వంతెన మీద స్టాప్ ఉండదు. కింద నిలబడ్డవాళ్లకు పైన పోయే బస్సుతో పనిలేదు.

మెట్రోకైనా ఈ సూత్రమే. అమెరికాలో డాలస్ ఉదాహరణ చూడొచ్చు. అక్కడి టెక్సాస్ యూనివర్సిటీలో మన పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. ఆ క్యాంపస్‌ను, డాలస్ ఎయిర్‌పోర్టును కలుపుతూ పది స్టేషన్లతో 26 మైళ్ల సిల్వర్ లైన్ రైలు 2025 అక్టోబరులో మొదలైంది. సూట్‌కేసుతో దిగి నేరుగా యూనివర్సిటీ స్టేషన్‌కు వెళ్లే వీలు దొరికింది. కాకపోతే రద్దీ వేళల్లో అరగంటకొకటి, మిగతా సమయంలో గంటకొకటి. ఒకటి తప్పిందంటే ఉబర్ బుక్ చేయాల్సిందే.

చార్జీ, రాత్రి వేళలు: ఇంకా తేలనివి

హైదరాబాద్ మెట్రో గరిష్ఠ చార్జీ 2025 మేలో పెంచి, తర్వాత కొంత తగ్గించాక రూ.69 అయింది. మరోవైపు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఎల్బీనగర్ నుంచి ఆరాంఘర్ వచ్చే విద్యార్థినికి, ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ చేసే మహిళకు ఎదురుగా రెండు దారులుంటాయి: సున్నా టికెట్‌తో ఆలస్యంగా వెళ్లే బస్సు, డబ్బు పెట్టి తొందరగా వెళ్లే రైలు. నెల జీతం పదిహేను వేలున్నవాళ్లు ఏది ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు. నెలవారీ పాసు, బస్సుకూ రైలుకూ కలిపి ఒకే టికెట్ లేకుండా 2.4 లక్షల ప్రయాణాల అంకె దగ్గరికి కూడా వెళ్లలేం.

వేళలది ఇంకో సమస్య. మెట్రో నడిచేది ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు. గల్ఫ్‌కు, యూరప్‌కు వెళ్లే విమానాల్లో చాలా వరకు అర్ధరాత్రి దాటాకే బయల్దేరతాయి. ఉదయం ఆరింటి బెంగళూరు విమానానికి నాలుగున్నరకల్లా టెర్మినల్‌లో ఉండాలి. ఆ వేళకు వచ్చే ప్రయాణికుడి కోసం అంతకన్నా ముందే డ్యూటీ ఎక్కే సిబ్బంది ఉంటారు. పట్టాల నిర్వహణకు రాత్రి కొన్ని గంటలు రైళ్లు ఆపక తప్పదు. అందుకని రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు మెట్రో దారిలోనే, మెట్రో స్టేషన్ల దగ్గరే ఆగే బస్సులు నడపడం ప్లాన్‌లో భాగం కావాలి. 'తర్వాత చూద్దాం' అనే జాబితాలో ఇది చేరితే ఆ జాబితాలోనే ఉండిపోతుంది.

గచ్చిబౌలి వైపు వాళ్ల సంగతేంటి?

కొత్త ప్లాన్‌లో నష్టపోయేది వీళ్లే. రాయదుర్గంలో ఎక్కిన వ్యక్తి నగరమంతా చుట్టి, దారిలో రైలు మారి ఎయిర్‌పోర్టు చేరాలి. అంత చుట్టుదారి, చేతిలో 23 కిలోల పెట్టె! ఎవరూ ఆ పని చేయరు. అదే సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి అయితే చాంద్రాయణగుట్టలో ఒక్కసారి మారితే సరిపోతుంది. ఎల్బీనగర్, నాగోల్ వాళ్లకు అసలు మారే పనే లేదు.

కాబట్టి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐటీ కారిడార్ వైపు నుంచి ఎయిర్‌పోర్టుకు ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిచే పుష్పక్ బస్సులే చాలా ఏళ్ల పాటు దిక్కు. మెట్రో ఆ వైపు రావట్లేదు కాబట్టి, ఆ దారిలో బస్సుల సంఖ్య పెంచడం ఆర్టీసీకి దయాదాక్షిణ్యం కాదు, రూట్ మార్చిన నిర్ణయానికి తప్పనిసరి జోడింపు.

ఇప్పుడు ఎలా వెళ్లొచ్చు?

ఎయిర్‌పోర్టు టెర్మినల్ దాకా నేరుగా వెళ్లాలంటే ఆర్టీసీ పుష్పక్ ఏసీ బస్సులు ఉన్నాయి. రాత్రి వేళల్లోనూ నడుస్తాయి. 2019 నుంచి వీటిలో ఎలక్ట్రిక్ బస్సులూ ఉన్నాయి. వీటిలో మహాలక్ష్మి జీరో టికెట్ చెల్లదు, పూర్తి చార్జీ కట్టాలి. రాజేంద్రనగర్ క్యాంపస్‌ల వైపు వెళ్లేవాళ్లు ఆరాంఘర్‌లో దిగి లోపలికి వెళ్లే సిటీ బస్సు చూసుకోవాలి. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలు గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఎంఎంటీఎస్‌లో బుద్వేల్, ఉందానగర్ వెళ్లాలనుకుంటే స్టేషన్‌కు బయల్దేరే ముందే రైలు వేళ చూసుకోండి. ఉందానగర్‌లో దిగాక టెర్మినల్‌కు ఆటోనో క్యాబో మాట్లాడుకోవాల్సి ఉంటుంది.